నెలలు నిండకముందే వచ్చిన నొప్పులు ఆగడానికని యాంటీబయాటిక్ ఎక్కిస్తున్న బెంగళూరు ప్రసూతి వైద్యులకు ఒక ఫార్మసిస్టు రాస్తున్న బహిరంగ లేఖ

బెంగళూరులోని ప్రసూతి వైద్యులకు, నర్సింగ్ హోమ్‌ల యజమానులకు, కాన్పు వార్డుల్లో రాత్రి డ్యూటీ చేసే సిస్టర్లకు, నమస్కారం.

నేను ఫార్మసిస్టుని. మాది మదనపల్లె దగ్గర పల్లెటూరు, పద్నాలుగేళ్లుగా కే.ఆర్.పురంలో ఉంటున్నాను. మీరు రాసిన చీటీలు చదివి మందులిచ్చే మనిషిని కాబట్టి మీ పని ఎంత కష్టమో కొంతవరకు తెలుసు. ఈ ఉత్తరం ముందు మా చెల్లెలికి కాన్పు చేసిన నర్సింగ్ హోమ్‌కే రాశాను, రెండుసార్లు. మొదటిదానికి 'మీ లేఖ అందింది' అని మెసేజ్ వచ్చింది, రెండోదానికి అదీ రాలేదు. స్వయంగా వెళ్తే గంటన్నర కూర్చోబెట్టి, మేడమ్ ఆపరేషన్‌లో ఉన్నారని పంపేశారు. నాలుగు నెలలు చూశాను. ఇక అందరి ముందూ రాస్తున్నాను. ఆ చోటు పేరు మాత్రం చెప్పను, ఎందుకంటే ఇలాంటి చీటీలు నా కౌంటర్ మీదికి వేరే వేరే చోట్ల నుంచి వస్తూనే ఉన్నాయి, ఒక్కరిని పట్టుకుని నిలదీస్తే మిగతావాళ్లు మాకు కాదులే అనుకుంటారు.

జరిగింది చెప్తాను. మా చెల్లెలికి ఇది తొలి కాన్పు. 30 వారాల 4 రోజులు. రాత్రి పది దాటాక పొట్ట గట్టిపడటం మొదలైంది, ఎనిమిది పది నిమిషాలకోసారి. అమ్మ అవి దొంగ నొప్పులనుకుని జీలకర్ర కషాయం కాచి ఇచ్చింది. 'ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డే బతకదు' అనే మాట మా ఇళ్లలో ఇంకా వినబడుతూనే ఉంటుంది, అది పూర్తిగా తప్పు, కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు లాభమే, కానీ ఆ మాట వల్ల ఎంతమంది ఆలస్యం చేస్తారో నాకు తెలుసు. మేం మరీ ఆలస్యం చేయలేదు. 11:40కి నర్సింగ్ హోమ్‌లో ఉన్నాం. ఉమ్మనీరు పోలేదు, రక్తం కనబడలేదు, జ్వరం లేదు, 98.4 అని చార్టులోనే ఉంది. గర్భసంచి ముఖం రెండు సెంటీమీటర్లు తెరుచుకుందన్నారు.

డ్యూటీ డాక్టరు మా మరిదితో అన్న మాట ఇది: "యాంటీబయాటిక్ మొదలుపెడుతున్నాం, నొప్పులు తగ్గిపోతాయి, టెన్షన్ పడకండి." 12:05కి సెఫ్ట్రియాక్సోన్ ఎక్కింది, వెనకే మెట్రోనిడజోల్. ఏ క్రిమి ఉందో చూడటానికి మూత్రం కల్చర్‌కి పంపలేదు. బిడ్డ ఊపిరితిత్తుల కోసం వేయాల్సిన స్టెరాయిడ్ సూది, అదే డెక్సామెథజోన్, పెద్ద డాక్టరుగారు వచ్చాక పొద్దున 10:30కి పడింది. రాత్రి 9:15కి బిడ్డ పుట్టింది. పన్నెండు గంటలకు వేయాల్సిన రెండో డోసుకు టైమే లేకపోయింది. అదే సూది అర్ధరాత్రి యాంటీబయాటిక్‌తో పాటే పడి ఉంటే రెండో డోసు కూడా మధ్యాహ్నం పన్నెండుకల్లా అందేది.

బిడ్డ 1 కేజీ 460 గ్రాములు. 31 రోజులు పసిపిల్లల ఐసీయూ, అదే ఎన్‌ఐసీయూలో ఉంది, అందులో ఆరు రోజులు ఊపిరికి మెషిన్ సాయం. ఇప్పుడు ఇంట్లోనే ఉంది, మా అమ్మ ఒడిలో నిద్రపోతోంది. బిడ్డ ముందే పుట్టడానికి యాంటీబయాటిక్కే కారణమని నేను అనడం లేదు. అక్కరలేని మందు నిమిషాల మీద ఎక్కింది, అక్కరున్న మందు పదకొండు గంటలు ఆగింది, ఎందుకని అడిగితే జవాబు చెప్పేవాళ్లు లేరు. నా బాధ అది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. యాంటీబయాటిక్ నొప్పుల్ని ఆపుతుందా?

నెలలు నిండకముందే నొప్పులు ఎలా మొదలవుతాయో మీకు నేను చెప్పడం పెద్ద మాటే, కానీ ఇది మా వాళ్లు కూడా చదువుతారు కాబట్టి రాస్తున్నాను. యోని మార్గం నుంచి సూక్ష్మజీవులు పైకి పాకి ఉమ్మనీటి పొరల దాకా చేరితే ఒళ్లు వాటిని గుర్తుపట్టి ఇంటర్‌ల్యూకిన్లు, టీఎన్‌ఎఫ్ లాంటి రసాయనాలు వదులుతుంది. వాటి వల్ల ప్రోస్టాగ్లాండిన్లు పెరుగుతాయి. గర్భసంచి ముఖాన్ని మెత్తబరిచేవీ, కండరాన్ని పట్టి బిగించేవీ ఈ ప్రోస్టాగ్లాండిన్లే. యాంటీబయాటిక్ చంపేది సూక్ష్మజీవిని. అప్పటికే పుట్టిన ప్రోస్టాగ్లాండిన్ల జోలికి అది వెళ్లదు. పొట్ట గట్టిపడి, ముఖం తెరుచుకోవడం మొదలైందంటే లోపల మంట ఎప్పుడో అంటుకుందన్నమాట, ఇప్పుడు అగ్గిపుల్లని నీళ్లలో ముంచితే ఇల్లు ఆరిపోదు. పైగా కొన్ని జాతుల బ్యాక్టీరియా చచ్చేటప్పుడు వాటి పైపొర ముక్కలు బయటపడతాయి, ఆ ముక్కలే వాపును ఇంకా రేపగలవు.

ఇంకొకటి, నెలలు నిండని నొప్పులన్నీ ఇన్ఫెక్షన్ వల్ల వచ్చేవి కావు. అంచనాల ప్రకారం ఇన్ఫెక్షన్ పాత్ర 25 నుంచి 40 శాతం కాన్పుల్లో ఉంటుంది, అదీ మరీ ముందు వారాల్లో ఎక్కువ, నెలలు దగ్గరపడే కొద్దీ తక్కువ. కవలలతో గర్భసంచి సాగిపోవడం, మాయ దగ్గర రక్తస్రావం, గర్భసంచి ముఖం పొట్టిగా ఉండటం, ఇవన్నీ వేరే దారులు. వీటికి సెఫ్ట్రియాక్సోన్ ఏం చేస్తుంది?

కొందరు డాక్టర్లు నాతో ఒక మాటన్నారు, కొన్ని యాంటీబయాటిక్‌లు కండరం మీద నేరుగా కూడా పని చేస్తాయి కదా అని. నిజమే, జెంటామైసిన్ కుటుంబం మందులు కండరంలోకి కాల్షియం వెళ్లే దారికి అడ్డుపడతాయి, కండరం బిగియాలంటే కాల్షియం కావాలి, ల్యాబ్‌లో గర్భసంచి కండరం ముక్కని ద్రావణంలో వేలాడదీసి ఈ మందు కలిపితే దాని బిగువు తగ్గుతుంది. అయితే ల్యాబ్ పాత్రలో కండరం ముక్క వేరు, మంచం మీద నొప్పులు పడే ఆడమనిషి వేరు. కాల్షియం దారి మూయడానికి నిఫెడిపిన్ మీ చేతిలోనే ఉంది, చవక, దాంతో 48 గంటల గడువు దొరికితే ఆ గడువులో స్టెరాయిడ్ పని చేస్తుంది. జెంటామైసిన్ కిడ్నీకీ చెవికీ చేటు చేయగల మందు, దాన్ని నొప్పులాపే మందుగా వాడటానికి ఏ సమర్థనా లేదు.

మనుషుల మీద జరిగిన పెద్ద పరీక్ష గురించి మీకు తెలిసే ఉంటుంది, ఒరాకిల్ అంటారు. 2001లో ఫలితాలు వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చాయి. ఉమ్మనీటి సంచి చెక్కుచెదరకుండా ఉండి, ఇన్ఫెక్షన్ లక్షణాలు లేకుండా ముందే నొప్పులొచ్చిన 6295 మంది గర్భిణులు అందులో ఉన్నారు. కొందరికి ఎరిత్రోమైసిన్, కొందరికి కో-అమాక్సిక్లావ్, కొందరికి రెండూ, కొందరికి ఉత్తి మాత్ర. తల్లులకు ఇన్ఫెక్షన్లు కొంచెం తగ్గాయి, అది ఒప్పుకోవాలి. కానీ కాన్పు వెనక్కి పోలేదు, బిడ్డల ప్రాణాలకు గానీ ఊపిరితిత్తులకు గానీ మెదడుకు గానీ మేలు జరగలేదు.

అక్కడితో ఆగితే పోనీలే, ఇస్తే నష్టమేముంది అనుకోవచ్చు. కానీ ఆ పిల్లలకు ఏడేళ్లొచ్చాక మళ్లీ చూశారు, 2008లో అదీ అచ్చయింది. ఎరిత్రోమైసిన్ అందుకున్న తల్లుల పిల్లల్లో సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు పట్టుతప్పే జబ్బు) 3.3 శాతం, అది అందని వాళ్లలో 1.7 శాతం. కో-అమాక్సిక్లావ్ అయితే 3.2 శాతం, అందని వాళ్లలో 1.9 శాతం. ఎందుకలా జరిగిందో ఆ పరీక్ష తేల్చలేదు. వాపు చల్లారని గర్భసంచిలో బిడ్డను మరికొన్ని రోజులు ఉంచడం వల్ల కావచ్చని ఒక వాదన ఉంది. కారణం ఏదైనా, 'ఇస్తే పోయేదేముంది' అనే మాటకు మాత్రం ఆ లెక్కలు చూశాక చోటు లేదు.

మేం వాడేది సెఫ్ట్రియాక్సోన్, అది ఆ పరీక్షలో లేదు కదా అంటారేమో. లేదు. మరి సెఫ్ట్రియాక్సోన్ నొప్పులు ఆపుతుందని, బిడ్డకు మేలు చేస్తుందని చూపించిన పరీక్ష మీ దగ్గరుంటే దయచేసి చూపించండి, నేను ఈ ఉత్తరం వెనక్కి తీసుకుంటాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల్లో ఏ ఒక్క మందు పేరో చెప్పి ఊరుకోలేదు, సంచి పగలకుండా, ఇన్ఫెక్షన్ లక్షణాలు లేకుండా నొప్పులొస్తే మామూలుగా యాంటీబయాటిక్‌లు ఇవ్వొద్దనే చెప్పింది.

మన దేశంలో 2020లో 30 లక్షల పైచిలుకు పిల్లలు నెలలు నిండకముందే పుట్టారు, ప్రపంచంలో అందరికంటే ఎక్కువ మనమే. కాబట్టి ఇది మా చెల్లెలొక్కదాని సంగతి కాదు. మామూలు జనం ఎక్కడెక్కడ నష్టపోతున్నారో ఒక్కొక్కటిగా రాసి, దాని పక్కనే ఏం కావాలో అడుగుతున్నాను.

1. టైమ్. యాంటీబయాటిక్ ఎక్కుతోంది కదా అని ఇంట్లోవాళ్లు నిశ్చింతగా కూర్చుంటారు, వార్డు కూడా కూర్చుంటుంది. ఆ గంటలు బిడ్డవి. డెక్సామెథజోన్ ధర ఒక ప్లేటు ఇడ్లీ ధరంత కూడా ఉండదు, 6 మిల్లీగ్రాములు పన్నెండు గంటలకోసారి నాలుగు డోసులు, అంతే. మన దేశం కూడా ఉన్న అయిదు దేశాల్లో 2852 మంది గర్భిణుల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన పరీక్ష 2020లో వచ్చింది, ఈ సూది పడిన చోట పుట్టిన తర్వాత నెలలోపు చనిపోయిన పిల్లలు 19.6 శాతం, పడని చోట 23.5 శాతం. మేలు స్పష్టంగా కనబడుతోందని పరీక్షనే మధ్యలో ఆపేశారు. కేంద్ర ఆరోగ్య శాఖ 2014లోనే, 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులొస్తే ఏఎన్ఎమ్ కూడా మొదటి డోసు వేసి పెద్దాసుపత్రికి పంపొచ్చని చెప్పింది. పల్లెలో ఏఎన్ఎమ్ వేయగలిగిన సూది కోసం బెంగళూరులో ఎంబీబీఎస్ చదివిన డ్యూటీ డాక్టరు పొద్దున పదిన్నర దాకా ఎందుకు ఎదురుచూడాలి? మా డిమాండ్: కాన్పు దగ్గర్లో ఉందని, తల్లికి ఇన్ఫెక్షన్ లేదని తేల్చుకున్న వెంటనే డ్యూటీలో ఉన్నవాళ్లే మొదటి డోసు వేసేలా రాతపూర్వక ఆదేశం వార్డులో ఉండాలి. 32 వారాల లోపైతే బిడ్డ మెదడు కాపాడే మెగ్నీషియం సల్ఫేట్ గురించి కూడా అప్పుడే నిర్ణయించాలి.

2. కల్చర్. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే వైద్యం చేయాల్సిందే, లక్షణాలు బయటికి కనబడకపోయినా గర్భిణిలో అది చేయాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ముందు యాంటీబయాటిక్ ఎక్కించి మర్నాడు మూత్రం పంపితే అందులో ఏం పెరుగుతుంది? 'నో గ్రోత్' అని వస్తుంది. అప్పుడు ఇన్ఫెక్షన్ ఉందో లేదో ఎప్పటికీ తెలియదు, ఏ మందు పనిచేస్తుందో తెలియదు, అయిదు రోజులకు అయిదు రోజులూ గుడ్డిగా నడుస్తుంది. మొదటి డోసుకు ముందే మూత్రం తీయండి. ఒక్క డబ్బా, రెండు నిమిషాలు.

3. ఉమ్మనీరు పోతే లెక్క వేరు. ఇది చదివి ఎవరైనా యాంటీబయాటిక్ వద్దని గొడవ పెట్టుకుంటారేమోనని నాకు భయం, అందుకే గట్టిగా రాస్తున్నాను. 37 వారాలకు ముందే, నొప్పులు రాకుండానే ఉమ్మనీరు పోతే యాంటీబయాటిక్ కావాలి. అక్కడ అది ఇన్ఫెక్షన్ని తగ్గిస్తుంది, 48 గంటల్లోపు, వారంలోపు కాన్పయ్యే అవకాశాన్నీ తగ్గిస్తుంది. అక్కడ ఎరిత్రోమైసిన్ మంచి ఎంపిక. కో-అమాక్సిక్లావ్ మాత్రం వద్దు, దాంతో పిల్లల్లో పేగు కుళ్లిపోయే జబ్బు పెరిగినట్టు, ఉమ్మనీరు ముందే పోయినవాళ్ల మీద చేసిన ఒరాకిల్ మొదటి భాగంలోనే తేలింది. అయినా ఉమ్మనీరు పోయిన కేసుల్లో కో-అమాక్సిక్లావ్ చీటీలు నాకు ఇంకా వస్తున్నాయి. జ్వరం, దుర్వాసన, తల్లికీ బిడ్డకీ గుండె వేగం పెరగడం, ఇలాంటివి కనబడితే అసలు వాదనే అక్కర్లేదు, వెంటనే ఇవ్వాలి. కాన్పు సమయంలో బిడ్డకు జీబీఎస్ (గ్రూప్ బి స్ట్రెప్ అనే బ్యాక్టీరియా) అంటకుండా ఇచ్చే పెన్సిలిన్ కూడా అంతే, అది నొప్పులాపడానికి కాదు, బిడ్డను కాపాడటానికి. మేం అడిగేది ఒక్కటే, ఏ కారణంతో మొదలుపెట్టారో చార్టులో ఒక లైను రాయండి. రాయడానికి కారణం లేకపోతే మొదలుపెట్టకండి.

4. మెగ్నీషియం, జెంటామైసిన్ కలిసి పడితే కండరాల నీరసం ముదిరి ఊపిరికే ఇబ్బంది రావచ్చు. ఒక డ్యూటీలో ఒకటి, ఇంకో డ్యూటీలో ఇంకొకటి రాసేస్తున్నారు. రెండు చీటీలూ ఒకే కౌంటర్‌కి వచ్చినప్పుడు నేను ఫోన్ చేస్తాను, కొందరు థ్యాంక్స్ చెప్తారు, కొందరు కసురుకుంటారు. కసురుకోకండి.

5. మందులకు లొంగని క్రిములు. ఢిల్లీలో మూడు పెద్దాసుపత్రుల్లో 2011-14 మధ్య పసిపిల్లల రక్తంలో దొరికిన ఇన్ఫెక్షన్ల మీద చేసిన అధ్యయనంలో అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా ముందున్నాయి, వాటిలో చాలావరకు పలు రకాల యాంటీబయాటిక్‌లకు లొంగనివే. తల్లికి అక్కరలేకుండా ఎక్కించే ప్రతి సీసా ఆ క్రిములకు ఇంకా తర్ఫీదు ఇవ్వడమే. రేపు ఎన్‌ఐసీయూలో బిడ్డకు నిజంగా కావాల్సి వచ్చినప్పుడు మామూలు మందు పని చేయకపోతే ఖరీదైన మందుకు వెళ్లాలి. ఆ బిల్లు కట్టేది ఎవరు? మార్తహళ్లిలో అపార్ట్‌మెంట్లు కట్టే అనంతపురం, కడప కూలీలు, సెక్యూరిటీ గార్డులు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు. మా మరిది క్యాబ్ నడుపుతాడు. ఎన్‌ఐసీయూ బిల్లుకు కారు కాగితాలు తాకట్టు పెట్టాడు, ఇంకా విడిపించలేదు.

6. భాష. చింతామణి, బాగేపల్లి, ముళబాగిలు నుంచి వచ్చేవాళ్లు, హిందూపురం, మదనపల్లె నుంచి వచ్చేవాళ్లు, ఇక్కడే రెండు మూడు తరాలుగా ఉన్నవాళ్లు, మీ వార్డుల్లో తెలుగు మాట్లాడే ఆడవాళ్లు తక్కువేం కాదు. సంతకం పెట్టించుకునే కాగితం ఇంగ్లీషులోనో కన్నడలోనో ఉంటుంది. తాయి కార్డు (గర్భిణులకు ప్రభుత్వం ఇచ్చే కార్డు) చేతిలో పట్టుకుని, ఏం ఎక్కిస్తున్నారో తెలియక 'సరే మేడమ్' అంటారు. మా చెల్లెలు డిగ్రీ చదివింది, తనూ అంతే అంది. "అక్కా, నొప్పులకు మందు ఎక్కుతోంది, తగ్గిపోతాయంట" అని నాకు అర్ధరాత్రి ఫోన్ చేసింది. నొప్పులకు వేసే మందు ఏది, ఇన్ఫెక్షన్ మందు ఏది, బిడ్డ ఊపిరితిత్తుల మందు ఏది అని మూడు మాటలు, వాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పడం మా మూడో డిమాండో ఆరో డిమాండో కాదు, మొదటిది అనుకోండి.

7. కేస్ షీటు. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళి 2002 నుంచీ చెప్తోంది. మాకు 19 రోజులు పట్టింది. చివరికి ఇచ్చిన కాపీలో రెండు పేజీలు చదవలేనంత మసకగా ఉన్నాయి.

8. ఇది మా ఫార్మసిస్టులకు, నాతో సహా. చీటీ లేకుండా 'పొట్ట నొప్పంట, ఏదైనా యాంటీబయాటిక్ ఇవ్వన్నా' అని భర్తలు వస్తారు. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ లాంటివి 2014 నుంచి షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి, చీటీ ఉండాలి, రిజిస్టర్లో రాయాలి, ఆ రిజిస్టర్ మూడేళ్లు దాచాలి. ఎన్ని షాపుల్లో ఆ రిజిస్టర్ నిజంగా నడుస్తోందో మనకు తెలుసు. గర్భిణికి పొట్ట గట్టిపడుతోందంటే అది మాత్ర ఇచ్చే కేసు కాదు, 108కి ఫోన్ చేసే కేసు.

మీ వైపు ఇబ్బంది నాకు అర్థం కాకుండా లేదు. బయటికి లక్షణాలు చూపించని ఇన్ఫెక్షన్ ఉంటుంది, రేపు బిడ్డకు ఏమైనా అయితే 'యాంటీబయాటిక్ ఎందుకివ్వలేదు' అని కేసు వేస్తారేమోనన్న భయం ఉంటుంది, రాత్రి రెండింటికి ఒక్కరే నలుగురిని చూసుకోవాలి. కానీ భయంతో రాసిన మందు ఎక్కేది ఆమె ఒంట్లోకి, కడుపులో బిడ్డలోకి. 'ఇప్పుడు అవసరం లేదు, కల్చర్ పంపాం, జ్వరం చూస్తున్నాం, మార్పొస్తే వెంటనే మొదలుపెడతాం' అని రాసిన చార్టు ఏ కోర్టులోనైనా నిలబడుతుంది. కారణం రాయని అయిదు రోజుల డ్రిప్ నిలబడుతుందా?

మేం కోరేది ఒక్క పేజీ. ముందే నొప్పులొచ్చిన మనిషి రాగానే ఏ వరసలో ఏం చేయాలి, యాంటీబయాటిక్ ఎప్పుడు, ఎప్పుడు వద్దు అని ఒక పేజీలో రాసి కాన్పు వార్డు గోడకు అంటించండి. కన్నడ, ఇంగ్లీషు మీరు చూసుకోండి. తెలుగు పేజీ నేను రాసిస్తాను, డబ్బులేం వద్దు, మందుల పేర్లు, డోసులు మీరు సరిచూసి సంతకం పెడితే చాలు. ఆ నర్సింగ్ హోమ్‌కీ ఇదే మాట మూడో ఉత్తరంగా ఈ రోజే స్పీడ్ పోస్టులో పంపాను, రసీదు నా దగ్గరుంది.

ఇట్లు,
కే.ఆర్.పురం నుంచి ఒక ఫార్మసిస్టు, ఒక బిడ్డకు పెద్దమ్మ